తెరకి అవతలి పక్క గుండెకాయ

నేను ఒడిశాలోని రాయగడలో తెలుగు పేపరు విలేకరిగా కుదురుకున్న తొంభైల్లో ఒకసారి మా పేపర్లో ఒక నాయకుడు జెండాకి ఎడంచేత్తో సెల్యూట్ కొట్టాడు. నిజానికి ఆయన కుడిచేత్తోనే కొట్టాడు. ఎదురుగా నిలబడి ఫొటో తీసింది నేనే. డెస్కులో ఎవరో నెగెటివ్ తిరగేసి ప్రింటు తీశారు. మర్నాడు పొద్దున్నే ఆయన పదిమందిని వెంటేసుకుని మా ఇంటికొచ్చి, కుడిచెయ్యి పైకెత్తి చూపించి, ఇదేటి మరి అని అడిగాడు. అది కుడిచెయ్యేనని నేను ఒప్పుకున్నాను. సవరణ వేయించాను. సవరణలో ఆయన ఇంటిపేరు తప్పు పడింది. ఆ తర్వాత ఆయన మా ఇంటికి రావడం మానేశాడు.

బొమ్మ తిరగబడితే మనిషి కూడా తిరగబడతాడన్న సంగతి నాకు ఆ రోజే బుర్రకెక్కి ఉండాల్సింది. ఎక్కలేదు. పదేళ్ళ తర్వాత అదే పాఠాన్ని మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది, ఈసారి ఒక గోడౌన్లో, ఐదుగురు అమ్మాయిల వల్ల.

రెండువేలు దాటిన ఐదారేళ్ళకి మా ఊరికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అంతకుముందు ఫొటోల కవరు విజయనగరం బస్సు డ్రైవరు చేతిలో పెట్టి, ఆయన మంచితనం మీద భారం వేసి ఇంటికి వచ్చేవాణ్ణి. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కంప్యూటర్ మంచితనం మీద భారం వెయ్యడం మొదలుపెట్టాను. ఏదైతేనేం, మా వీధిలో ఇంటర్నెట్ గురించి తెలిసినవాడినని పేరు పడిపోయింది. తెలిసిందల్లా, ఆగిపోతే వైరు పీకి మళ్ళీ పెట్టడం.

ఆ పేరు విని మా షావుకారు వచ్చాడు. నూనె డబ్బాలు, పప్పుల హోల్‌సేలు ఆయన వ్యాపారం. వాళ్ళ తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. కానీ తొంభైల్లో ఆయన అసలు సరదా సినిమాలు. చిన్న ప్రొజెక్టరు, జనరేటరు జీపులో వేసుకుని లక్ష్మీపూర్ సంతకీ, చుట్టుపక్కల సంతలన్నిటికీ తిరిగి ఆటలు ఆడించేవాడు. రెండు వెదురుబొంగులు పాతి, మధ్యన తెల్లగుడ్డ కట్టేవాడు. మగవాళ్ళు ఇటు కూర్చునేవాళ్ళు, ఆడవాళ్ళు గుడ్డకి అటు. వెలుతురు గుడ్డలోంచి అటువైపుకీ దిగేది కాబట్టి బొమ్మ ఇద్దరికీ కనిపించేది. ఆడవాళ్ళకి పేర్లు మాత్రం తిరగబడి కనిపించేవి. చదివేవాళ్ళు ఎలాగూ తక్కువే, అందుచేత ఎవరూ పట్టించుకోలేదు. ఇంటింటికీ టీవీలు వచ్చాక ఆ వ్యాపారం పడుకుంది. జనరేటరు అమ్మేశాడు, గుడ్డ మాత్రం దాచుకున్నాడు.

ఇప్పుడాయన ఎక్స్‌రే టెక్నీషియన్ డిప్లొమా కోర్సు పెట్టాడు. మనిషి లోపల ఏముందో తనకి తెలీదని, తెలుసుకునే ఉద్దేశం కూడా లేదని మొదటి రోజే నాతో చెప్పాడు. బోర్డు మాత్రం పెద్దదే రాయించాడు. కొబ్బరినూనె గోడౌన్ పైఅంతస్తు తరగతి గది. పిల్లలు పదమూడు మంది, ఎనిమిది మంది అబ్బాయిలు, ఐదుగురు అమ్మాయిలు. యంత్రం గురించి చెప్పడానికి ఒకాయన వారానికి రెండుసార్లు వచ్చేవాడు. శరీర నిర్మాణం చెప్పడానికి మాత్రం రాయగడలో ఎవరూ దొరకలేదు.

దొరికినాయన జయపురంలో ఉన్నాడు. కోస్తాలో ఒక మెడికల్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు అనాటమీ చెప్పి రిటైరైన డాక్టరు. వాళ్ళ పెద్దలు జయపురం ఎస్టేటు కచేరీలో ఉద్యోగాలు చేసినవాళ్ళు. ఆ మర్యాద ఆయన నాలుక మీద ఇంకా ఉంది. చిన్నపిల్లలని కూడా మీరు అనేవాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల రోజూ రాయగడ రాలేనని, ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చెబుతానని ఒప్పుకున్నాడు. ఆయన మేనల్లుడు ఎక్కడినుంచో ఒక సీడీ పంపించాడు. అందులో మనిషి ఉంటాడు. ఒక్కో నొక్కుకి చర్మం ఊడుతుంది, కొవ్వు ఊడుతుంది, కండ ఊడుతుంది, ఎముకలు మిగులుతాయి. తిప్పితే తిరుగుతాడు. జయపురంలో డాక్టరు గారు మౌసు కదిపితే రాయగడలో మా తెర మీద మనిషి కదలాలి. కదిలేవాడు, కాసింత ఆలస్యంగా. డాక్టరు గారు కాలేయం దాటి పేగుల్లోకి వెళ్ళిపోయాక బాణం గుర్తు వచ్చి కాలేయం మీద వాలేది. కొన్నిసార్లు మనిషి సగం చర్మంతో బిగుసుకుపోయేవాడు.

ఆయన గొంతు స్పీకర్లోంచి వినిపించేది. "ముప్ఫై ఏళ్ళు శవాల మీద చెప్పాను నాయనా, ఒక్కటీ ఇలా ఆగిపోలేదు," అనేవారు. నేను వైరు పీకి పెట్టేవాణ్ణి.

మా వైపు మైకు మొదటి వారంలోనే పోయింది. అందుచేత పిల్లలకి సందేహం వస్తే చీటీ రాసి నాకివ్వాలి, నేను టైపు చెయ్యాలి. నా ఉద్యోగం అదే, జీతం లేని గుమాస్తాగిరీ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా తరగతి, ఎందుకంటే ఆ వేళ షావుకారు కొట్టు కట్టేసి నిద్రపోయేవాడు, మాకూ వార్తలుండవు.

మొదటి రోజు ఆయన నిద్రపోలేదు. తరగతి ఎలా జరుగుతుందో చూద్దామని పైకొచ్చాడు. పెళ్ళిళ్ళ వీడియోల షాపు నుంచి అద్దెకి తెచ్చిన ప్రొజెక్టరు వెలిగింది. గోడ మీద నిలువెత్తు మనిషి నిలబడ్డాడు, ఒంటి మీద నూలుపోగు లేకుండా. షావుకారు గబగబా వచ్చి ప్రొజెక్టరుకి అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడా బొమ్మ ఆయన బనీను మీద పడింది, అది ఇంకా అన్యాయంగా ఉంది. ఆయన వేడుకోలు మీద డాక్టరు గారు చర్మం తీసేశారు. ఎర్రటి కండల మనిషిని చూసి షావుకారు స్తిమితపడ్డాడు. చర్మం ఉంటే సిగ్గు, చర్మం లేకపోతే చదువు. కానీ అనుమానం పూర్తిగా తీరలేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి గది మధ్యలో ఆ పాత సినిమాగుడ్డ కట్టించి ఉంది. అబ్బాయిలు ఇటు, అమ్మాయిలు అటు. ప్రొజెక్టరూ నేనూ అబ్బాయిల వైపు.

"పదేళ్ళు సినిమా ఆడించినోణ్ణి, నాకు తెల్దేటి," అన్నాడు షావుకారు. "రెండు పక్కలా కనపడతాది."

కనపడింది. గొడవంతా అక్కడే వచ్చింది.

అమ్మాయిల్లో ఒకమ్మాయిది లక్ష్మీపూర్. వాళ్ళ నాన్నకి సంతలో గాజుల దుకాణం. రాయగడలో మేనత్త ఇంట్లో ఉంటూ, పొద్దున్నా సాయంత్రం ఒక నర్సింగ్ హోమ్ ఎక్స్‌రే గదిలో అటెండరుగా పనిచేసేది. మూడేళ్ళుగా అదే పని. గది ఊడవడం, రోగిని నిలబెట్టడం, చీకటి గదిలో ఫిల్ములు కడిగి క్లిప్పులకి ఆరబెట్టడం, ఆరిన ఫిల్ము తీసుకెళ్ళి డాక్టరు గదిలో లైటుపెట్టెకి తగిలించడం. అక్కడి టెక్నీషియన్ ఆ వేసవికి విశాఖపట్నం వెళ్ళిపోతున్నాడు. డిప్లొమా పాసైతే ఆ కుర్చీ ఆమెది. లేకపోతే బరంపురం నుంచి ఎవరినో తెస్తారు. తెచ్చిన మనిషి తన అటెండరుని తనే తెచ్చుకుంటాడు. తరగతిలో మిగతా పన్నెండు మందికి అది కోర్సు. ఆమెకి మాత్రం అది ఇక్కడ ఉండడమా, మూటకట్టుకుని లక్ష్మీపూర్ వెళ్ళి గాజులు అమ్మడమా అన్న లెక్క. ఈ సంగతి ఆమే చెప్పింది, మొదటి చీటీ ఇచ్చిన రోజునే, టైపు చేసేటప్పుడు తన ప్రశ్నని వెనక్కి నెట్టెయ్యొద్దని.

రెండు నెలలు పాఠాలు సాగాయి. డాక్టరు గారు సీడీలోని పేర్లన్నీ కనపడకుండా కట్టేశారు. పేర్లు తెర మీద ఉంటే తలలోకి రావని ఆయన నమ్మకం. కాబట్టి గుడ్డ మీద బొమ్మ తప్ప అక్షరం ఉండేది కాదు. ఆయన రోజూ పాఠం ముందు ఒక మాట చెప్పేవారు. తెర మీద మనిషి మీకు ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆయన ఎడమ మీకు కుడి, అందుచేత ఆయన గుండె మీ కుడిచేతి వైపు కనిపిస్తుంది, ఎక్స్‌రే ఫిల్ము కూడా ఎప్పుడూ ఇలాగే తగిలించాలి. అబ్బాయిలకి ఇది ఎంతకీ ఎక్కేది కాదు. గుండె ఎడంపక్క కదా, మరి కుడిపక్క కనిపిస్తోందేమిటని చీటీల మీద చీటీలు. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చెప్పేవారు. మూడు వారాలకి వాళ్ళకి పట్టుబడింది.

అమ్మాయిల దగ్గర్నుంచి ఈ విషయం మీద ఒక్క చీటీ రాలేదు. డాక్టరు గారు మురిసిపోయారు. చూశారా, ఆడపిల్లలు ఒక్కసారి చెబితే అందుకున్నారు అని అబ్బాయిలని దెప్పేవారు. గుడ్డ అవతల చప్పుడుండేది కాదు. అది వినయం అనుకున్నాం.

పరీక్ష ఇంక పన్నెండు రోజులుందనగా ఒక మధ్యాహ్నం ఆ లక్ష్మీపూర్ అమ్మాయి తరగతికి ముందే వచ్చింది. ఏడ్చిన మొహం కాదు కానీ, ఏడవకుండా ఉండడానికి చాలా కష్టపడిన మొహం. నర్సింగ్ హోమ్‌లో జరిగింది చెప్పింది.

చదువు రాకముందు ఆమె మూడేళ్ళలో ఒక్క ఫిల్ము కూడా తప్పుగా తగిలించలేదు. టెక్నీషియన్ ఎలా చేతికిస్తే అలా పెట్టేది. చదువు వచ్చాక చూస్తే, టెక్నీషియన్ ఇచ్చే ఛాతీ ఫిల్ములన్నీ తిరగబడి ఉన్నట్టు అనిపించింది. గుండె కుడిచేతి వైపుకి పోతోంది. పాపం, ఆయనకి తెలీదేమో అనుకుని, పెద్దవాణ్ణి తప్పుపట్టడం ఎందుకని, మాట్లాడకుండా తనే తిప్పి పెట్టడం మొదలుపెట్టింది. డాక్టరు వచ్చి ఫిల్ము చూసి, ఏదో గొణిగి, తిప్పి పెట్టుకునేవాడు. ఆయన వెళ్ళాక ఈమె మళ్ళీ తిప్పేది. వారం పాటు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఫిల్ములు తిప్పుకున్నారు.

ముందు రోజు ఒక రైతు వచ్చాడు. ఛాతీలో ఒక పక్క నీరు చేరింది. సూది గుచ్చి తియ్యాలి. టెక్నీషియన్ ఇచ్చేవన్నీ తిరగబడే ఉంటాయని ఈమె ఆ ఫిల్మునీ తిప్పే తగిలించింది. ఆ ఫిల్ములో నీరు గుండె నీడని కూడా మింగేసింది, ఏది ఎటో పోల్చుకోవడానికి లేదు. కుడి, ఎడమ తెలియడానికి, ఎక్స్‌రే తీసేటప్పుడు మనిషి పక్కన పెట్టే సీసం అక్షరం ఫిల్ము మీద పడాలి. ఆ నర్సింగ్ హోమ్‌లో ఆ అక్షరాలు ఎప్పుడో పోయాయి, మళ్ళీ కొనలేదు. డాక్టరు పాతకాలపు మనిషి కాబట్టి సూది పట్టుకునే ముందు వేళ్ళతో ఛాతీ మీద తట్టి చూశాడు. ఫిల్ములో నీరు ఒక పక్క, వేళ్ళకి తగిలింది ఇంకో పక్క. వేళ్ళని నమ్మాడు. రైతుకి ఏమీ కాలేదు, నీరు తీయించుకుని ఇంటికెళ్ళాడు. ఆ తర్వాత డాక్టరు టెక్నీషియన్ మీద విరుచుకుపడ్డాడు. టెక్నీషియన్ ఒట్టు వేశాడు. అప్పుడీమె ముందుకొచ్చి, తిప్పింది నేనే అని ఒప్పుకుంది.

"ఎందుకు తిప్పేవమ్మి అనడిగేరు," అంది. "తప్పుగా ఉంటే తిప్పేను అన్నాను. అంతే, గదిలో అందరూ నన్నే సూసేరు."

ఆ డాక్టరు కోపిష్ఠి కానీ చెడ్డవాడు కాదు. పన్నెండు రోజుల్లో పరీక్ష కదా, అందులో తేలిపోతుంది, పాసైతే కుర్చీ ఎక్కు, తప్పితే చీపురు కూడా ముట్టుకోవద్దు అన్నాడట.

ఆమె నాకు చీటీ ఇచ్చింది. ఒడియాలో ఒకే ఒక్క వాక్యం. గుండె ఏ పక్క కనిపించాలి? తరగతి మొదలవగానే టైపు చేశాను. స్పీకర్లో చాలాసేపు ఏమీ వినపడలేదు. బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోయిందనుకుని వైరు మీద చెయ్యి వేశాను. ఇంతలో నా సెల్‌ఫోన్ మోగింది. డాక్టరు గారే. రెండు నెలల తర్వాత ఈ ప్రశ్న అడిగినవారు ఎవరండీ అన్నారు. ఫోను స్పీకర్లో పెట్టి ఆమెని పిలిచాను. ఆమె గుడ్డ అవతలి నుంచే మాట్లాడింది. మీరు రోజూ కుడిచేతి వైపు అంటారు, తెర మీద మాత్రం ఎడంచేతి వైపే ఉంది, ఏది నమ్మాలి అని అడిగింది.

అబ్బాయిలు గొల్లున నవ్వారు. కుడిపక్కే కదా కనిపిస్తోంది, కళ్ళు లేవా అన్నారు. అటునుంచి మిగతా నలుగురు అమ్మాయిలూ లేచారు. ఎడమే అన్నారు. ఒకటే గుడ్డ, ఒకటే గుండె. ఇటు ఎనిమిది వేళ్ళు ఒక వైపు చూపిస్తున్నాయి, అటునుంచి ఐదు వేళ్ళు గుడ్డని ఇటుకి పొడిచి సరిగ్గా అదే గుండె మీద ఆగాయి. నేను లేచి, రెండు నెలల్లో మొదటిసారి గుడ్డ చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్ళాను.

మనిషి తిరగబడి ఉన్నాడు. గుండె నా ఎడంచేతి వైపు, కాలేయం కుడిచేతి వైపు. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టే, నా గుండె ఎటో ఆయన గుండె అటే. అందుకే వాళ్ళకి సందేహం రాలేదు. బొమ్మని చూస్తూ సొంత ఒంటి మీద చెయ్యి పెట్టుకుంటే అన్నీ సరిపోయేవి. ఎడంచేత్తో సెల్యూట్ కొట్టిన నాయకుడు గుర్తొచ్చాడు. ఆయన ఇప్పుడు మా ఇంటికొచ్చి నన్ను తిడితే బాగుణ్ణనిపించింది.

ఆ అమ్మాయిని అడిగాను, మధ్యలో ఎప్పుడైనా కంప్యూటర్లో మెసేజి పడితే అక్షరాలు తిరగబడి కనిపించాయి కదా, అప్పుడైనా అనుమానం రాలేదా అని.

"అచ్చరాలు తిరగబడతాయని తెలుసు అన్నియ్యా," అంది. "లక్ష్మీపూర్ సంతలో ఈ షావుకారు సినిమాలు ఈ పక్క కూసునే సూసేను కదా. పేర్లు ఎప్పుడూ తిరగబడే వచ్చేవి. మనిషి తిరగబడతాడని ఎవరికి తెలుసు?"

ఫోన్లో డాక్టరు గారు అన్నీ వింటున్నారు. మరి నేను రోజూ కుడిచేతి వైపు అని చెబుతుంటే మీరెవరూ నన్ను ఎందుకు అడగలేదమ్మా అన్నారు. లక్ష్మీపూర్ అమ్మాయే చెప్పింది.

"మీకు పెద్ద వయసు కదండి. కుడీ ఎడమా తేడా పడుతున్నాదని అనుకున్నాం. ఎల్లి మొహం మీద సెప్తే బాగోదని ఒగ్గేసేం."

జయపురంలో డాక్టరు గారు ఎంతసేపు నవ్వారంటే, ఫోనులో నాకు భయం వేసింది, ఆ వయసులో. నవ్వడం అయ్యాక, రేపు రైలెక్కి వస్తున్నాను అన్నారు.

వచ్చారు. మర్నాడు మధ్యాహ్నం కర్ర పోటు వేసుకుంటూ నూనె గోడౌన్ మెట్లు ఎక్కారు. మెట్లకి నూనె జిడ్డు. షావుకారు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకున్నాం. పైకొచ్చి ముందుగా అమ్మాయిల వైపుకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. బొమ్మ వెయ్యమన్నారు. తిరగబడ్డ మనిషిని చూశారు. తర్వాత షావుకారుని పిలిచి, అమ్మాయిలని కూడా ఇటువైపు కూర్చోబెట్టమని అడిగారు. షావుకారు చేతులు నలుపుకున్నాడు. వాళ్ళ ఇళ్ళల్లో మాటిచ్చానని, మొదటి రోజు బొమ్మ సంగతి వాళ్ళకి తెలిశాక గుడ్డ కట్టానని చెప్పే కోర్సు మానిపించకుండా ఆపానని, మాట తప్పితే తన నూనె కూడా ఎవరూ కొనరని అన్నాడు. ఆయనకి గుడ్డ మీద ఉన్న గురి గుండె మీద లేదు. డాక్టరు గారు వాదించలేదు. అబ్బాయిలు ఎలాగూ సరిగ్గానే నేర్చుకున్నారు కాబట్టి వాళ్ళకి పరీక్షదాకా సెలవిచ్చేసి, ఇటువైపు అమ్మాయిలని కూర్చోబెడదాం అన్నారు. అందరికీ నచ్చింది, అబ్బాయిలకి మరీ ఎక్కువ. వాళ్ళు ఆ మధ్యాహ్నమే సినిమాకి పోయారు. ఆ పదిరోజులూ వాళ్ళు మళ్ళీ పుస్తకం తెరవలేదని నాకు రూఢిగా తెలుసు.

డాక్టరు గారు ఆ పది రోజులూ రాయగడలోనే ఉండిపోయారు. మొదటి రోజే బొగ్గుముక్క తెప్పించుకుని, గుడ్డ మీద ఒక మూల, బొమ్మలోని మనిషి కుడిచేతి దగ్గర, కుడి అనడానికి గుర్తుగా, పెద్దగా ఆర్ అన్న ఇంగ్లీషు అక్షరం రాశారు. షావుకారు అబ్బా అన్నాడు. ఆ గుడ్డతో ఆయనకున్న అనుబంధం నాకు తెలుసు కాబట్టి నేను అటు చూడలేదు. బొగ్గు గుడ్డలోంచి అవతలికి కూడా కనిపించేది. అమ్మాయిలని ఒక్కొక్కరినీ అటునుంచి ఇటుకి, ఇటునుంచి అటుకి తిప్పారు. గుండెని చూడొద్దు, అక్షరాన్నే చూడండి అనేవారు. అక్షరం తిన్నగా కనిపిస్తే మీరు మీ చోట ఉన్నారు. తిరగబడి కనిపిస్తే అవతలికి పోయారు. అది తేల్చుకున్నాకే గుండె గురించి నోరు విప్పాలి. ఎందుకంటే గుండె మోసం చేస్తుంది, నీరు కప్పేస్తుంది, పక్కకి జరుగుతుంది, సీసం అక్షరం ఎక్కడికీ జరగదు. ఎక్స్‌రే తీసేటప్పుడు మీ చేత్తో పెట్టిన అక్షరం తప్ప దేన్నీ నమ్మకండి అన్నారు.

లక్ష్మీపూర్ అమ్మాయికి మొదటి మూడు రోజులు ఘోరంగా ఉండేది. రెండు నెలలు సొంత ఒంటి మీద చెయ్యి పెట్టుకుని నేర్చుకున్నది పోదు. కాలేయం ఎక్కడ అంటే చెయ్యి దానంతటది అటు పోయేది. చేతుల్ని వెనక్కి కట్టుకుని జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. ఆఖరికి ముందు అక్షరం, తర్వాత మనిషి అని గొణుక్కోవడం అలవాటైంది.

వెళ్ళేముందు రోజు డాక్టరు గారు జేబులోంచి రుమాలు తీసి విప్పారు. లోపల చిన్న సీసం అక్షరం, ఆర్. మూలలు అరిగిపోయి ఉంది. మీ నర్సింగ్ హోమ్‌లో లేదన్నారు కదా, ఇది ఉంచండి అని ఆమెకిచ్చారు. కుర్చీ వస్తుందో రాదో తెలీదండి అంది ఆమె. వచ్చినా రాకపోయినా మీ దగ్గర ఉంటే తప్పేముంది అన్నారాయన.

పరీక్ష కోరాపుట్‌లో ఒక కాలేజీ గదిలో. షావుకారు అందర్నీ తన సరుకు వ్యానులో తీసుకెళ్ళాడు. కోరాపుట్ చేరేసరికి పదమూడు మందీ ఘాటుగా ఆవనూనె వాసన వేస్తున్నారు. రాతపరీక్ష అయ్యాక ప్రాక్టికల్. బరంపురం నుంచి వచ్చిన ఎగ్జామినర్, ఆ ఊరివాళ్ళలో సగంమందిలాగే తెలుగు బాగానే మాట్లాడేవాడు. గది తలుపు తీసే ఉంది. వరండాలో నిలబడితే లైటుపెట్టె కనిపించేది. ఆయన దగ్గర ఒక బ్రీఫ్‌కేసు, అందులో ఒక పాత కవరు. ప్రతి పిల్లవాడికీ ఆ కవరులోంచి ఒకే ఫిల్ము తీసి ఇచ్చి, తగిలించమనేవాడు.

మన అబ్బాయిల్లో ముందు వెళ్ళినవాడు ఫిల్ము చేతిలోకి తీసుకున్నాడు, గుండె కోసం చూశాడు, డాక్టరు గారు మూడు వారాలు నూరిపోసినట్టు గుండెని తన కుడిచేతి వైపుకి వచ్చేలా తగిలించి, తృప్తిగా నిలబడ్డాడు. ఎగ్జామినర్ ఏదో రాసుకున్నాడు. రెండోవాడూ అంతే. ఎనిమిది మందీ అంతే. ఎగ్జామినర్ మొహంలో రానురాను ఒక రకమైన ఆనందం కనిపించింది. ఏదో తేడాగా ఉందని నాకు అనిపించింది కానీ, రెండు నెలలు అబ్బాయిల వైపు కూర్చున్నవాణ్ణి, నాకూ అది సరిగ్గానే కనిపించింది.

లక్ష్మీపూర్ అమ్మాయి వెళ్ళింది. ఫిల్ము తీసుకుని వెలుతురుకి ఎత్తి మూలలు వెతికింది. ఒక మూల తెల్లటి చిన్న అక్షరం కనపడింది. అది తిన్నగా వచ్చేలా పట్టుకుని లైటుపెట్టెకి తగిలించింది. అప్పుడు గుండెని చూసింది. గుండె ఎడంచేతి వైపు ఉంది. గుడ్డ అవతల రెండు నెలలు చూసిన బొమ్మ, పన్నెండు రోజులుగా మర్చిపోవడానికి తంటాలు పడుతున్న బొమ్మ, అచ్చం అదే. ఆమె చేతులు వెనక్కి వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వరండాలోంచి నేను చూసింది ఆ చేతుల్నే.

ఎగ్జామినర్, ముందు వచ్చినవాళ్ళంతా ఇంకోలా పెట్టారు, తిప్పుతావా అని మెల్లగా అడిగాడు. ఆమె ఫిల్ము మీద చెయ్యి వేసింది. తీసేసింది.

"తిప్పనండి," అంది. "అచ్చరం తిన్నగా ఉంది. నేను ఉండాల్సిన పక్కే ఉన్నాను. గుండె అటుంటే, ఆ మనిషికే అటుందండి."

ఎగ్జామినర్ కలం మూసి బల్ల మీద పెట్టాడు. అందరికీ ఎడంపక్కన ఉండే గుండె వేలల్లో ఎవరో ఒకరికి పుట్టుకతోనే కుడిపక్కన ఉంటుంది. అలాంటి ఒక మనిషి ఫిల్ము ఆయనకి ఉద్యోగంలో చేరిన కొత్తలో దొరికిందట. అప్పటినుంచి ప్రతి పరీక్షకీ దాన్ని బ్రీఫ్‌కేసులో మోసుకుని తిరుగుతున్నాడు. ఎవరు నేర్పారు ఇలా చూడడం అని అడిగాడు. ఆమె గుడ్డ సంగతి మొదలుపెట్టింది కానీ, మధ్యలో ఆపేసి, జయపురంలో మా పెద్ద డాక్టరు గారండి అంది. ఆమె తర్వాత వెళ్ళిన నలుగురు అమ్మాయిలూ అక్షరం చూసే తగిలించారు. అబ్బాయిలు ఆ ఒక్క ప్రశ్నకే మార్కులు పోగొట్టుకున్నారు, మిగతావాటితో గట్టెక్కారు. దిగొచ్చే దారిలో వాళ్ళు ఆ గుండె మనిషిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఈ పాఠం వల్ల షావుకారు మారాడని మీరు అనుకుంటే, ఆయన మీకు తెలీదు. రెండు వైపుల నుంచీ గుండెని గుర్తుపట్టే ఏకైక సంస్థ అని మా పేపర్లో ప్రకటన వెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు. గుడ్డని ఉతికించాడు. బొగ్గు పోలేదు. తర్వాతి బ్యాచికి అదే గుడ్డ కట్టాడు, ఆర్ అక్షరంతో సహా. అది కూడా సంస్థ ప్రత్యేకతేనని చెప్పుకున్నాడు.

వేసవిలో నర్సింగ్ హోమ్ టెక్నీషియన్ విశాఖపట్నం వెళ్ళిపోయాడు. నేను దగ్గుతో వెళ్ళేసరికి ఆ కుర్చీలో లక్ష్మీపూర్ అమ్మాయి ఉంది. గడ్డం ఎత్తు, ఊపిరి పట్టు అని నన్ను గదమాయించింది. ఛాతీకి ఆనించే ఫిల్ము పెట్టె మూల ఒక అరిగిన సీసం ముక్క అతికించి ఉంది. తడి ఆరీ ఆరని ఫిల్ము తీసుకుని డాక్టరు గదికి తనే నడిచింది, నేను వెనకాల. లైటుపెట్టెకి తగిలించింది. డాక్టరు లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, పాత అలవాటు కొద్దీ ఫిల్ము తిప్పడానికి చెయ్యి చాచాడు. మూల అక్షరం తిన్నగా కనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.